కుక్కను పట్టుకున్న మనిషి పేరేమిటి?

బ్రిటన్‌లో 1990లో వచ్చిన పర్యావరణ పరిరక్షణ చట్టం ప్రకారం ప్రతి స్థానిక సంస్థా వీధికుక్కల పని చూడటానికి ఒక అధికారిని నియమించి తీరాలి. అమెరికా నగరాల్లో, కౌంటీల్లో ఇదే పనికి 'యానిమల్ కంట్రోల్ ఆఫీసర్' అనే ఉద్యోగం ఉంది. యూనిఫారం ఉంటుంది, బండి ఉంటుంది, చాలాచోట్ల కుక్క యజమానికి జరిమానా చీటీ రాసే అధికారం కూడా ఉంటుంది. ఇక్కడ గమనించాల్సిన సంగతి ఒకటుంది. కాగితం రాసే చెయ్యి, కుక్క మెడకు ఉచ్చు వేసే చెయ్యి ఒక్క మనిషివే.

మన దగ్గర ఈ పని రెండు ముక్కలైంది. సంతకం పెట్టేది కమిషనరు, పశువైద్యుడు, శానిటరీ ఇన్‌స్పెక్టరు. ఉచ్చు వేసేది ఔట్‌సోర్సింగు కార్మికుడు, రోజుకూలీ, లేదా ఏజెన్సీ తెచ్చిన మనిషి. మొదటివాళ్ళను 'సార్' అంటరు. రెండోవాడిని 'కుక్కలోడు' అంటరు. అధికారం ఒకరికి, ప్రమాదం ఇంకొకరికి పంచిపెట్టిన ఈ ఏర్పాటును పాలనా సౌలభ్యం అని సరిపెట్టుకుంటున్నం. అది పాలనా సౌలభ్యం కాదు. పనినీ పనిచేసే మనిషినీ కులం ఎట్లా విడగొడుతుందో చూపించే పాఠం. ఆ పాఠాన్ని మన పురాణాల్లో, చట్టాల్లో, చివరికి మన ఉపన్యాసాల్లో కూడా చదవాలన్నది ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా నందికొండ సంగతి తీసుకుందాం. ఎందుకంటే ఇది పాత ఊరి కట్టుబాట్ల నుంచి పెరిగిన పట్నం కాదు. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన నాగార్జునసాగర్‌ను అంతకుముందు నందికొండ ప్రాజెక్టు అనే పిలిచేవారు. వేలాది కూలీలు రాళ్ళు మోసి కట్టిన రాతి ఆనకట్ట అది. 1967లో కాలువలకు నీళ్ళు వదిలారు. డ్యాం కట్టే రోజుల్లో వెలిసిన హిల్ కాలనీ, పైలాన్ కాలనీలే 2018లో నందికొండ మునిసిపాలిటీ అయ్యాయి. ఇంజనీర్లు, గుమస్తాలు, కూలీలు బయటినుంచి వచ్చి సర్కారు గీసిన నక్షా మీద నింపిన ఊరు. పటేలు, పట్వారీ, బేగారి అనే పాత ఏర్పాటు ఇక్కడ పునాదిలో లేదు. నందికొండ నల్లగొండ జిల్లాలో ఉంది. ఈ జిల్లా పల్లెల్లో వెట్టి ఎట్లా నడిచిందో తెలిసిన వాళ్ళకు ఈ తేడా అర్థమైతది.

ఆ పల్లెల్లో పశువుల మీద అదుపు రెండు చోట్ల ఉండేది. చేలో పడి మేసిన గొడ్డును బందెలదొడ్డికి తోలేవారు. ఆసామి బందె కట్టి విడిపించుకునేవాడు. అదే గొడ్డు చస్తే మాదిగవాడకు కబురు వచ్చేది. ఈడ్చుకుపోవాలి, తోలు తియ్యాలి, ఆ తోలుతో దొరకు చెప్పులు, మోటకు తొండెం కుట్టి ఇయ్యాలి. బతికున్న పశువుకు యజమాని ఉన్నడు, రశీదు ఉంది. చచ్చిన పశువుకు కులం మాత్రమే ఉంది.

1992లో చేసిన 74వ రాజ్యాంగ సవరణ ఈ పనిని పట్టణ సంస్థల చేతికి ఇచ్చింది. పన్నెండో షెడ్యూలులో 15వ అంశం బందెలదొడ్లు, జంతువుల పట్ల క్రూరత్వ నివారణ. అది పనుల జాబితా, మనుషుల జాబితా కాదు. నిజమే. కానీ పని పేరు రాజ్యాంగంలోకి ఎక్కి ముప్పై ఏళ్ళు దాటినా ఆ పని చేసే మనిషికి పదవి పేరు పుట్టలేదు. రోడ్డు మీద కుక్క చచ్చిపడితే మునిసిపాలిటీకి ఫోన్ పోతది. అక్కడినుంచి పారిశుధ్య విభాగానికి పోతది. పారిశుధ్యం ఎవరి మీద పడి ఉందో కొత్తగా చెప్పనక్కరలేదు. మురుగు కాలువలు, సెప్టిక్ ట్యాంకులు శుభ్రం చేసేవారి మీద కేంద్రం తీసిన లెక్కల్లో మూడింట రెండు వంతుల మంది షెడ్యూల్డ్ కులాలవారేనని 2024లో బయటపడింది. ఊళ్ళో బేగారి చేసిన పని పట్నంలో 'విభాగం' అయింది. నక్షా మీద పుట్టిన నందికొండ లాంటి ఊరైనా, వెయ్యేళ్ళ ఊరైనా, మునిసిపాలిటీ అనే అచ్చులో పోస్తే ఈ పని వచ్చి చేరే చోటు ఆ విభాగమే.

ఇది ఎక్కడినుంచి వచ్చింది? మనుస్మృతి పదో అధ్యాయం చూడాలి. చండాలురు, శ్వపచులు ఊరి బయట ఉండాలని, కుక్కలూ గాడిదలే వాళ్ళ ఆస్తి అని అక్కడ రాసి ఉంది. దిక్కులేని శవాలను మోసుకుపోవాల్సిందీ వాళ్ళేనని రాసి ఉంది. 'శ్వపచుడు' అన్న మాటకే కుక్కను వండుకునేవాడని అర్థం. మనిషిని జంతువుతో కలిపి పేరుపెట్టిన శాస్త్రమది. దిక్కులేని కుక్క, దిక్కులేని శవం, ఊరి బయటి మనిషి ఒకే పేజీలో కనిపిస్తరు. మునిసిపల్ పద్దులో కూడా ఈ మూడూ ఒకే విభాగం కింద కనిపించడం కేవలం కాకతాళీయం అంటే నమ్మేదెట్లా?

మనువు తిట్టి చెప్పిన సంగతిని మహాభారతం కథగా చెప్పింది. భారతంలో మూడు కుక్కలు ముఖ్యమైనవి. మొదటిది సరమ బిడ్డ. జనమేజయుడి తమ్ముళ్ళు ఆ పిల్లను అన్యాయంగా కొట్టారని సరమ వచ్చి నిలదీసింది. నన్నయ తెలుగు భారతంలో ఆదిపర్వం మొదట్లోనే ఈ కథ ఉంది. మూడోది ధర్మరాజు వెంట నడిచిన కుక్క. దాన్ని వదిలేస్తే తప్ప స్వర్గం లేదని ఇంద్రుడంటే, వదలనన్నాడు ధర్మరాజు. చివరికి ఆ కుక్క ధర్మదేవతే అయింది. అంటే భారతం ఒక కుక్క న్యాయం అడగటంతో మొదలై, ఒక కుక్క దేవుడవటంతో ముగింపుకు వస్తది. కుక్క మీద జాలి మన సంస్కృతిలో లేదని ఎవరూ అనలేరు.

మధ్యలోది ఏకలవ్యుడి కుక్క. పాండవుల వేటకుక్క అడవిలో ఏకలవ్యుణ్ణి చూసి మొరిగింది. ఆయన ఏడు బాణాలు దాని నోట్లో కొట్టాడు. కుక్క చావలేదు. నోరు మూతపడి, తిరిగి పాండవుల దగ్గరికి నడిచిపోయింది. ప్రాణం తియ్యకుండా జంతువును అదుపు చెయ్యటం ఎంత నేర్పరితనమో ఈ రోజు చట్టాలు చెప్తున్నయి గదా, ఆ నేర్పరితనం అదే. దానికి దొరికిన బహుమానం బొటనవేలు కోత. ఈ కథను దళిత విమర్శ చాలాసార్లు చదివింది. గురుదక్షిణ పేరుతో జరిగిన దోపిడీని సరిగ్గానే పట్టుకుంది. కానీ ఆ సన్నివేశంలో ఇంకొక మనిషి ఉన్నడు. వేట సరంజామా మోస్తూ, కుక్కను వెంటబెట్టుకుని పాండవుల వెనక వచ్చినవాడు. వ్యాసుడు వాడికి పేరు పెట్టలేదు. ఎవరో ఒక మనిషి అని మాత్రమే చెప్పి వదిలేశాడు. కుక్క ఎవరి మీద మొరిగిందో తెలుసు, దాని నోట్లో ఎన్ని బాణాలు పడ్డయో తెలుసు. కుక్కను తోలుకొచ్చిన మనిషి ఎవరో తెలియదు. నోటినిండా బాణాలతో రాజకుమారుల కుక్క తిరిగొచ్చినప్పుడు వాడికి ఏం జరిగిందో కూడా తెలియదు.

ఈ పేరులేని మనిషి అక్కడితో ఆగిపోలేదు. మన చట్టాల్లోకి నడిచి వచ్చిండు.

1960 నాటి జంతువుల పట్ల క్రూరత్వ నివారణ చట్టం వీధికుక్కలను ప్రాణాంతక గదుల్లో చంపటాన్ని నేరం కాదన్నది. చంపమన్నది సర్కారు, చంపింది కూలివాడు, క్రూరుడన్న పేరు వచ్చింది కూలివాడికి. 2001లో కుక్కల జనన నియంత్రణ నియమాలు వచ్చాయి. చంపకూడదు, పట్టుకుని ఆపరేషన్ చేసి, టీకా వేసి, పట్టిన చోటే వదలాలి. మంచి మార్పు. ఈ వ్యాసం దాన్ని వ్యతిరేకించటం లేదు. కుక్కలు పట్టే దళంలో ఎవరుండాలో ఆ నియమాలు లెక్క చెప్పాయి. బండి డ్రైవరు, శిక్షణ పొందిన స్థానిక సంస్థ ఉద్యోగులు ఇద్దరు లేదా అంతకన్నా ఎక్కువ, జంతు సంక్షేమ సంస్థ ప్రతినిధి ఒకరు.

ఈ వాక్యాన్ని నిదానంగా చదవాలి. 'స్థానిక సంస్థ ఉద్యోగులు' అని ఉంది. పని ఏజెన్సీకి పోయినచోట ఆ ఒక్క మాటే మొదట మాయమైంది. 'శిక్షణ పొందిన' అన్న మాట రెండోది. మిగిలింది మూడోది, పక్కన నిలబడి చూసే ప్రతినిధి. కుక్కకు దెబ్బ తగలకుండా చూడటానికి ఒక కన్ను ఏర్పాటు చేసిన చట్టం, వల పట్టినవాడికి దెబ్బ తగలకుండా చూడటానికి ఏ కన్నును ఏర్పాటు చేసింది? క్రూరత్వం కింది చేతిలోనే పుడుతుందని, కరుణ పైనుంచే దిగి వస్తుందని ముందే ఖాయం చేసుకున్న చూపు ఇది. ఈ చూపుకు కులం వాసన ఉంది.

2023 మార్చిలో కొత్త నియమాలు వచ్చాయి. వీటిలో వీధికుక్క అన్న మాట మర్యాద సంపాదించుకుంది. 'కమ్యూనిటీ యానిమల్' అయింది. యజమాని లేకుండా తిరిగేదాన్ని సముదాయానికి చెందినదిగా గుర్తించటం గొప్ప సంగతే. కానీ ఒకసారి ఆలోచించండి. కుక్క పేరు మారింది. కుక్కకు అన్నం పెట్టేవాళ్ళ హక్కులకు, బాధ్యతలకు నియమంలో చోటు దొరికింది. కుక్కలను పట్టేవాడు మాత్రం వీధి భాషలో నిన్న ఏమిటో ఇవాళా అదే. అంటరానివాడిని ఏ సముదాయంలో కలపాలో ఇంకా తేల్చుకోని సమాజం, కుక్కను సముదాయంలో ఒక్క గెజిట్‌తో కలుపుకోగలిగింది.

2025లో వీధికుక్కల మీద సుప్రీంకోర్టు తనంతట తాను కేసు చేపట్టింది. ఆగస్టు 11న ఢిల్లీ చుట్టుపక్కల కుక్కలన్నిటినీ షెల్టర్లకు తరలించమంది. ఆగస్టు 22న ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం దాన్ని సవరించి, రేబిస్ ఉన్నవి, మీదపడి కరిచేవి తప్ప మిగతావాటిని ఆపరేషన్, టీకాల తర్వాత తిరిగి వదలమంది. నవంబరు 7న స్కూళ్ళు, ఆస్పత్రులు, బస్టాండ్లు, రైల్వేస్టేషన్ల ఆవరణల నుంచి కుక్కలను తీసేసి మళ్ళీ అక్కడ వదలొద్దంది. మూడు నెలల్లో మూడు రకాల ఆజ్ఞలు. ప్రతి ఆజ్ఞకూ వల పట్టుకుని వీధిలోకి దిగాల్సిన మనిషి ఒక్కడే. ఆగస్టు ఆదేశంలోనే, ఈ కేసులో తమ మాట వినిపించుకోవాలనుకున్న కుక్కల ప్రేమికులు ఇరవై ఐదు వేలు, సంస్థలు రెండు లక్షలు డిపాజిట్ చెయ్యాలని కూడా ఉంది. తెలంగాణ ప్రభుత్వం 2021లో ఔట్‌సోర్సింగు ఉద్యోగులకు ఖరారు చేసిన అట్టడుగు మెట్టు జీతం నెలకు 15,600 రూపాయలు. కుక్క తరఫున ఒక్కసారి మాట్లాడే హక్కు ఖరీదు, వల పట్టేవాడి నెల జీతం కంటే ఎక్కువ. వాడి తరఫున మాట్లాడే ఖరీదు ఎంతో ఎవరూ అడగనే లేదు.

ఆ పనిలో ఏముందో కూడా చూడాలి. దేశంలో 2024లో నమోదైన కుక్కకాట్లు 37 లక్షలు దాటాయి. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక మనిషి బతకటం దాదాపు అసాధ్యం. కాబట్టి జంతువులను పట్టేవాళ్ళు కాటు పడకముందే టీకా వేయించుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తది. ముందే టీకా ఉన్న మనిషికి కాటు పడితే రెండు డోసులు చాలు, ఇమ్యూనోగ్లోబ్యులిన్ అక్కరలేదు. ముందు టీకా లేనివాడు నాలుగైదుసార్లు ఆస్పత్రి చుట్టూ తిరగాలి. రోజుకూలీకి నాలుగైదుసార్లు అంటే నాలుగైదు రోజుల కూలి. మూడో సూదికో నాలుగో సూదికో మనిషి పోకపోతే దాన్ని నిర్లక్ష్యం అని రాసుకుంటరు. అది నిర్లక్ష్యం కాదు, లెక్క. ఆ లెక్క వాడు వేసింది కాదు, వాడి మీద వేసింది.

ఇక కుక్కకాటు పడేది ఎవరి ఇండ్లల్లో? 2023 ఫిబ్రవరిలో హైదరాబాదు అంబర్‌పేటలో కుక్కల దాడిలో చనిపోయిన నాలుగేళ్ళ పసివాడు కాయకష్టం చేసుకు బతికే ఇంటి బిడ్డ. గేటు లేని ఇల్లు, ఆరుబయట నిద్ర, కాలినడకన బడి. కుక్క పంటికి అందే దూరంలో బతికేది పేదలే. కాబట్టి 'దళితులు కుక్కల పక్షమా, మనుషుల పక్షమా' అని మనల్ని నిలబెట్టి అడిగే ప్రశ్నే తప్పు. వాడలో కుక్క శత్రువు కాదు. కాపలా కాస్తది, గుడిసె ముందు పడుకుంటది, ఉన్న గంజిలో ఇంత పెడితే తాగుతది. కరిచినప్పుడు చచ్చేది కూడా ఆ వాడ పిల్లే. ఈ రెండూ తెలిసినవాళ్ళు వాడవాళ్ళు. కుక్కల విధానం రాసే బల్ల దగ్గర మాత్రం వాళ్ళకు కుర్చీ లేదు.

2026 జనవరిలో తెలంగాణలో కొన్ని గ్రామాల్లో పెద్ద ఎత్తున కుక్కలను చంపారన్న ఫిర్యాదుల మీద పోలీసు కేసులు నమోదయ్యాయి. సర్పంచుల మీద కూడా కేసులు పెట్టారు. చంపటాన్ని ఎవరూ సమర్థించరు. అయితే ఇట్లాంటి ప్రతి సంఘటనలో అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. చంపమని చెప్పింది ఎవరు, చేత్తో చేసింది ఎవరు, చేసినందుకు ముట్టింది ఎంత? ఎన్నికల్లో మాట ఇచ్చి ఓట్లు సంపాదించింది ఒకరైతే, విషం పట్టుకుని తిరిగింది ఇంకొకరు. ఊరికి అక్కరకొచ్చినన్నాళ్ళు వాడు 'మనోడు'. కేసు వచ్చిన రోజు 'ఎవడో కూలోడు'.

మన మాటల్ని కూడా విమర్శకు పెట్టాలి. సభల్లో మనం తరచుగా అనే మాట ఒకటుంది, 'మమ్మల్ని కుక్కకన్నా హీనంగా చూస్తున్నరు' అని. అవమానం లోతు చెప్పటానికి అది పనికొస్తది. కానీ కొలబద్దగా కుక్కను పెట్టుకున్నంత కాలం, కుక్కకన్నా ఒక మెట్టు పైన నిలబడితే చాలు అన్నట్టు వినబడతది. శ్వపచుడు అన్న మాటను పుట్టించిన మెదడు కూడా మనిషిని కుక్కతోనే కొలిచింది. ఆ కొలతే వద్దనాలి.

ఇప్పుడు అసలు చర్చకు వద్దాం. ఈ పనిని వదిలెయ్యాలా, పర్మనెంటు చెయ్యమని అడగాలా? రెండు వాదనలూ ఉద్యమంలోనే ఉన్నయి. 1927లో మహద్ దగ్గర అంబేద్కర్ చచ్చిన పశువుల మాంసం తినటం మానమని మహర్లకు చెప్పారు. కళేబరాలు ఈడ్చే వెట్టిని వదిలించుకోవటం ఆ ఉద్యమంలో భాగమైంది. 2016లో గుజరాత్‌లోని ఊనాలో చచ్చిన ఆవు తోలు తీస్తున్న దళిత యువకులను కొట్టినప్పుడు, అక్కడి దళితులు కళేబరాలను తీసుకెళ్ళి సర్కారు ఆఫీసు ముందు పడేశారు. మీ పశువును మీరే చూసుకోండి అన్నారు. ఈ వారసత్వాన్ని చూసినవాళ్ళు వదిలెయ్యమంటున్నరు. ఇది న్యాయమైన మాట.

పర్మనెంటు కావాలనే వాళ్ళ మాటలోనూ న్యాయముంది. వదిలేస్తే పొయ్యి మీద ఎసరు ఎట్లా? 2013లో వచ్చిన పాకీపని నిషేధ చట్టం మనిషి మలం దగ్గరే ఆగింది. జంతు కళేబరం, కుక్కల వల దాని పరిధిలో లేవు. కాబట్టి ఆ పని వదిలితే పునరావాసం ఇయ్యాల్సిన బాధ్యత కూడా చట్టం మీద లేదు.

రెండు వాదనలూ ఎదురెదురు కావన్నది నా అభిప్రాయం. పని నీచమైంది కాబట్టి జీతం తక్కువ అని మనకు చెప్పారు. నిజానికి జీతం, పేరు, భద్రత తీసేసినందువల్లే అది నీచమైన పని అయింది. ఇదే కుక్కను బల్ల మీద పడుకోబెట్టి కత్తి పట్టుకున్న మనిషిని డాక్టరు అంటున్నం. రక్తం రెండుచోట్లా ఉంది, వాసన రెండుచోట్లా ఉంది. ఒకచోట డిగ్రీ ఉంది, రెండోచోట కులం ఉంది. పుట్టుకతో ఈ పని మీద పడటాన్ని పూర్తిగా తిరస్కరించాలి. ఈ పనిని నైపుణ్యంగల పోస్టుగా గుర్తించమని అంతే గట్టిగా అడగాలి. మంచి జీతం, యూనిఫారం, పదోన్నతి వచ్చిన రోజున అన్ని కులాల పిల్లలూ దరఖాస్తు పెడతరు. పనికి కులం ఊడేది ఆ రోజే. అప్పటిదాకా దీన్ని 'సేవ' అని పొగిడే ప్రతి నోటినీ అనుమానించాలి.

అందుకని మునిసిపాలిటీలను అడగాల్సినవి కొన్ని ఉన్నయి. జంతు నియంత్రణ ఉద్యోగానికి ఒక పేరు, ఒక స్కేలు, ఒక సర్వీసు రూలు ఉండాలి. మొదటి రోజు డ్యూటీకి ముందే టీకా వెయ్యాలి, కాటు పడిన రోజులకు జీతం కొయ్యొద్దు. శిక్షణకు సర్టిఫికెట్ ఇయ్యాలి, దాని మీద పదోన్నతి ఉండాలి. ఇప్పుడు ఈ పనిలో ఉన్నవాళ్ళ కులం లెక్క తీసి బయటపెట్టాలి. సంతకం పెట్టే అధికారి ఆ బండిలోనే పక్కన కూర్చోవాలి. చివరిది చిన్న కోరిక అనిపించొచ్చు. కానీ చేతినీ సంతకాన్నీ మళ్ళీ ఒకచోటికి తెచ్చేది అదే.

నందికొండలో ఇప్పుడు బుద్ధవనం ఉంది. 2022 మే 14న ప్రారంభించారు. నాగార్జునకొండ బౌద్ధం పేరు చెప్పుకునే నేల అది. బౌద్ధ కరుణ అంటే ఏమిటో తెలుసుకోవాలంటే కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద అశోకుడు చెక్కించిన శాసనాలు చూడొచ్చు. రెండో శిలాశాసనంలో మనుషులకు వైద్యం, పశువులకు వైద్యం అని రెండింటి ఏర్పాటూ కలిపే చెప్పారు. ఒకదాన్ని చూపి రెండోదాన్ని మరిచిపోలేదు. రెండు వేల రెండు వందల ఏళ్ళ కిందటి రాయి మీద పక్కపక్కన ఉన్న ఆ ఇద్దర్నీ ఇప్పటి నియమాలు విడగొట్టినయి. కుక్కకు ఇచ్చిన రక్షణలో ఒక్క అక్షరం కూడా తగ్గించమని మనం అడగటం లేదు. కుక్కను పట్టుకున్న మనిషి పేరు కూడా అదే కాగితం మీద రాయమంటున్నం.